కడీ గట్టిదైతేనే కంచె గట్టిది

మన ఇళ్లల్లో ఏ వస్తువు తేవాలన్నా మొదట వచ్చే ప్రశ్న ఒకటే: ఎంతైతది? కొంచెం అనుభవం ఉన్నవాళ్లు రెండో ప్రశ్న కూడా అడుగుతారు: ఎన్నాళ్లుంటది? మూడో ప్రశ్న ఇంకొకటుంది. తెచ్చినాక దాన్ని ఎవరు చూసుకోవాలె? ఇది మాత్రం ఎవరూ అడగరు. అడగకపోతే ఆ పని చడీచప్పుడు లేకుండా ఇంట్లో ఖాళీగా ఉన్నట్టు కనిపించే మనిషి మీద పడుతుంది. అంటే ముసలమ్మల మీద, లేకపోతే మన ఆడవాళ్ల మీద. పెరటి కంచె కట్టేటప్పుడు మా ఇంట్లో ఈ మూడు ప్రశ్నలూ వచ్చినయి. అందుకే ఆ ముచ్చట రాస్తున్నాను. మీలో ఎవరికైనా ఇంటి వెనక నాలుగు గజాల జాగా ఉంటే పనికొస్తుంది.

మాది సోలాపూర్. కరీంనగర్, నల్గొండ, వరంగల్, పాలమూరు దిక్కుల నుంచి మగ్గాలు పట్టుకుని, మిల్లుల పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాల్లో మాది ఒకటి. మా మామ కరీంనగర్ దిక్కు నుంచి వచ్చి ఇక్కడ మిల్లులో చేరాడు. మిల్లు భోంగా వింటూ లేచిన ఇల్లు మాది. చాళిలో ఒక్క ఖోలీలో ముప్ఫై ఏళ్లు గడిపినాక, ఊరి అంచున చిన్న జాగా దొరికింది. రెండు గదులు వేసుకున్నాం. ఇంటి వెనక 24 అడుగులు, 32 అడుగుల నేల మిగిలింది. మా ఆయన సాంచెల మీద పని చేస్తాడు, నేను టవల్ కారఖానాలో అంచులు కుడతాను. ఆ నేలను చూసుకునేది మా అత్తమ్మ.

చాళిలో ఉన్నన్నాళ్లు ఆమె డబ్బాలో తులసి తప్ప ఏమీ పెంచలేదు. జాగా చేతికి రాగానే చిక్కుడు, బీర, కాకర, పుంటికూర, మెంతికూర, ఒక మునగ, రెండు కరివేపాకు మొక్కలు వేసింది. వానాకాలంలో, చలికాలంలో మేం కూరగాయలు కొనేది చాలా తక్కువ. మా ఇంటి ఖర్చుల్లో అది చిన్న సంగతి కాదు.

ఆ తోటకు కంచె అంటే తుమ్మకంప. వాగు పక్కన సర్కారు తుమ్మ కావలసినంత ఉంది, పైసా ఖర్చు లేదు. కానీ కంప కంచెను ఒకసారి వేసి మరిచిపోయేందుకు లేదు. ఎండకు ఆకు రాలి కొమ్మ బోసిపోతుంది, నేలకు తగిలిన చోట చెదలు తింటాయి, మేకలు తలతో నెట్టి దారి చేసుకుంటాయి. ఏటా మే నెలలో, మిరుగు లోపల, పాత కంప తీసి కొత్త కంప వేయాలె. మధ్యలో రెండుసార్లు సందులు పూడ్చాలె. ఈ పనంతా అత్తమ్మే చేసేది. మేం పొద్దున పోయి రాత్రికి వచ్చేవాళ్లం, వారానికి ఒకటే సుట్టీ.

మూడేళ్ల కింద మే నెలలో తుమ్మముల్లు చెప్పులోంచి దిగి ఆమె మడమలో విరిగింది. ఆమెకు పదిహేనేళ్ల నుంచి షుగర్. నొప్పి తెలియలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. పది రోజులకు కాలు వాచి జ్వరం వచ్చినాక గాని మాకు తెలియలేదు. దవాఖానలో కోసి చీము తీసారు. రెండు నెలలు రోజు విడిచి రోజు డ్రెస్సింగు. డాక్టరమ్మ మాకు అర్థమయ్యేట్టు చెప్పింది: షుగర్ చాలా ఏళ్లుంటే పాదాల్లో స్పర్శ తగ్గిపోతది, చిన్న గాయం కూడా తెలియకుండానే ముదురుతది, అందుకని రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవాలె, ఇంటి వెనక కూడా వట్టి కాళ్లతో తిరగొద్దు. ఈసారి మడమ దక్కింది, ఇంకోసారి వేలు తీయాల్సి రావొచ్చు అన్నది.

ఆ రెండు నెలల్లో ఆటో కిరాయిలు, మందులు, మా ఆయన పోగొట్టుకున్న పాళీలు, నేను పోగొట్టుకున్న రోజులు అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. పైసా ఖర్చు లేని కంచె అసలు ఖరీదు ఆ లెక్కలో తేలింది. కంప ఇక వద్దని ఆ రోజే అనుకున్నాం. అయితే దాని జాగాలో ఏం పెట్టాలన్న దగ్గర ఇంట్లో తలా ఒక మాట.

మా ఆయన గోడ కడదామన్నాడు. "గోడుంటే ఇంటికి ఇజ్జత్" అని ఆయన మాట. కొడుకు ఫోనులో ప్లాస్టిక్ పలకల కంచె చూపించాడు, తెల్లగా, అందంగా ఉంది. అత్తమ్మ అయితే మంచంలో పడుకుని కూడా ఒకటే మాట: "ఎందుకు బిడ్డా అంత ఖర్చు? కంప నేనే ఏస్త, ఈసారి బూట్లు ఏసుకుంట."

నేను గట్టిగా ఏమీ అనలేదు. సుట్టీ రోజుల్లో పొద్దున పూట మా గల్లీలు, పక్క వస్తీలు, ఊరి బయటి తోటలు తిరిగి కంచెలు చూశాను. కొత్త కంచెలను చూస్తే ఏమీ తెలియదు, కొత్తగా ఉన్నప్పుడు అన్నీ బాగానే ఉంటాయి. పదేళ్ల కింద వేసినదాన్ని చూడాలె. అందులోనూ పైన కాదు, నేలకు ఆనిన చోట చూడాలె. కంచె ఏదైనా అక్కడే మొదలు పోతుంది. తడి, గాలి రెండూ కలిసి తగిలేది అక్కడే కదా. కర్రైతే అక్కడ కుళ్లుతుంది, ఇనుమైతే అక్కడ తుప్పు పడుతుంది, చెదలు ఎక్కేదీ అక్కడి నుంచే. కంచె ముందర కూర్చుని మట్టి కొంచెం పక్కకు తీసి చూస్తే దాని ఆయుష్షు తెలిసిపోతుంది.

వెదురు తడక చూడటానికి బాగుంటుంది, చల్లగా ఉంటుంది, పని తెలిసినవాళ్లు ఒక్క రోజులో అల్లేస్తారు. కానీ మందు పట్టించని వెదురు మట్టిలో ఉంటే రెండు మూడేళ్లకు మించి నిలవదు. లోపల పురుగు పిండి చేస్తుంది, కింద చెదలు తింటాయి. నీలగిరి, సరుగుడు బాదులు ఇంకొంచెం ఎక్కువ ఆగుతాయి, అంతే. పాత చీరలు కట్టిన కంచెలు కూడా చూశాను. మనకు చీరలకు, కోరా గుడ్డకు కొదవ లేదు. కోళ్లకు, పిట్టలకు అది చాలు గాని, నూలు బట్ట ఒక ఎండాకాలానికి చీకిపోతుంది. పాలిస్టర్ చీర పోగులు పోగులుగా ఊడి చెట్లకు చుట్టుకుంటుంది.

పాత రేకులు నిలబెట్టినవాళ్లున్నారు. గాలి దుమారం వస్తే రేకు ఊడి ఎగురుతుంది, దాని అంచు కత్తి లెక్క ఉంటుంది. ఎండాకాలంలో మా దగ్గర నలభై డిగ్రీలు దాటుతుంది, రేకు పక్కన మెంతికూర మాడిపోతుంది. మామూలు ఇనుప యాంగిళ్లకు ముళ్లతీగ కట్టడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది. మామూలు ఇనుముకు ఎర్ర ప్రైమరు, దాని మీద ఆయిల్ పెయింటు వేయాలె. రెండు మూడేళ్లకోసారి గీకి మళ్లీ వేయాలె. వేయకపోతే మొదట నేల దగ్గర పెచ్చులు లేస్తుంది. ఆ గీకుడు, ఆ పూత ఎవరు చేయాలె? మళ్లీ అదే ప్రశ్న. ముళ్లతీగ మాత్రం మేం ముందే వద్దనుకున్నాం. పిల్లలు ఆడుకునే గల్లీ, ఇంట్లో షుగర్ కాళ్ల మనిషి. ఒక ముల్లు తీసి ఇంకో ముల్లు పెట్టడం దేనికి?

గోడ సంగతి తాపీ మేస్త్రీని అడిగాను. ఆయన నేల చూడగానే, "వైనీ, ఇది కాళీ మాతీ, పునాది మొరం దాకా దించాల్సిందే" అన్నాడు. నల్లరేగడి అంటే మనవాళ్లకు కొత్త కాదు. వాన పడితే ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని చెయ్యి దూరేంత నెర్రెలు ఇస్తుంది. ప్రతి ఏడూ ఇదే తంతు. పైపైన పునాది తీసి కట్టిన గోడ ఈ ఉబ్బుడు, ముడుచుకునుడు మధ్య చీలిపోతుంది. మా గల్లీలోనే అట్లా మెట్లు మెట్లుగా చీలిన గోడలు రెండున్నయి. 80 అడుగుల పొడవునా మొరం దాకా తవ్వి కట్టాలంటే మా భిశీ డబ్బులు పునాదికే చాలవు. పైగా గోడ కడితే తోటకు గాలి ఆగిపోతుంది. అది చెప్పినాక మా ఆయన ఇజ్జత్ మాట పక్కన పెట్టాడు.

కొడుకు చూపించిన ప్లాస్టిక్ పలకలు చెడ్డవని అనను. తుప్పు లేదు, చెదలు లేవు. కానీ ఎండలో ఏళ్ల తరబడి ఉండాలంటే అందులో ఎండను తట్టుకునే మందు బాగా కలిపి ఉండాలె. చవక రకంలో అది తక్కువ, కొన్నేళ్లకు పెళుసుబారి విరుగుతుంది. మంచి రకం మా చేతికి అందేది కాదు.

చివరికి రెండు వస్తువులు మిగిలినయి: కడీలకు రాయి, మధ్యలో జీఐ జాలీ.

రాతి కడీ మన పెద్దలకు తెలిసిందే. కరీంనగర్ దిక్కు పోతే పొలం గట్ల మీద నల్లటి రాతి కడీలు ఏళ్లకేళ్లు నిలబడి ఉంటాయి. తీగ మారుతుంది గాని కడీ మారదు. రాయికి తుప్పు లేదు, చెదలు లేవు, పూత అక్కరలేదు. దాని లోపం ఒకటే, బండి గుద్దితే విరుగుతుంది. సిమెంటు కడీలు రాయి కన్నా తేలిగ్గా దొరుకుతాయి, మంచివైతే అవీ చాలా ఏళ్లుంటాయి. అయితే కొనేముందు లోపలి సలాక సంగతి చూడాలె. సలాక కడీ మధ్యలో, చుట్టూ సరిపోయేంత సిమెంటుతో ఉండాలె. అంచుకు వచ్చిందంటే తడి తగిలి తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, కడీని లోపలి నుంచి పగలగొడుతుంది. సన్నటి పగుళ్లున్న సిమెంటు కడీ ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. రాతి కడీని సుత్తెతో మెల్లగా కొట్టి చూడండి. గంట లెక్క ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే లోపల చీలిక ఉన్నట్టు.

ఇక జాలీ. ఇక్కడ మన మిల్లు చదువు అక్కరకొచ్చింది. హార్డ్‌వేర్ దుకాణంలో 10 గేజీ, 12 గేజీ, 14 గేజీ అని చూపిస్తారు. అంకె పెద్దదైతే తీగ లావని చాలామంది అనుకుంటారు. మనకు మాత్రం ఇది కష్టమేం కాదు. మన నూలు కౌంటు లెక్కే ఇది. 20 కౌంటు కన్నా 40 కౌంటు సన్నం కదా, గేజీ కూడా అంతే, అంకె పెరిగితే తీగ సన్నం. 10 గేజీ తీగ మందం మూడు మిల్లీమీటర్ల పైన, 12 గేజీ సుమారు రెండున్నర, 14 గేజీ రెండు. జాలీని సాధారణంగా తూకం మీద అమ్ముతారు. కన్ను సైజు ఒకటే అయినా 12 బదులు 10 గేజీ తీసుకుంటే బరువు సుమారు ఒకటిన్నర రెట్లు అవుతుంది, ధర కూడా దాని వెంటే పోతుంది. "సేమ్ జాలీ, సస్తాలో ఇస్త" అని ఎవరైనా అంటే ముందు గేజీ అడగండి, తరువాత కన్ను ఎన్ని అంగుళాలో అడగండి. తీగ సన్నం చేసినా, కన్ను పెద్దది చేసినా ధర తగ్గుతుంది. దుకాణంలో గేజీ కొలిచే చిన్న బిళ్ల ఉంటుంది, దాంతో కొలిచి చూపించమంటే తప్పేం లేదు.

జీఐ అంటే ఇనుము మీద జింకు పూత. అది రంగు లెక్క ఊరికే కప్పేది కాదు. చిన్న గీత పడి ఇనుము బయటపడ్డా, పక్కనున్న జింకు ముందు తాను తరుగుతూ ఇనుమును కాపాడుతుంది. అందుకే పూత ఎంత మందంగా ఉంటే తీగ అంత కాలం ఉంటుంది. సోలాపూర్ లాంటి వానలు తక్కువున్న, పొడిగాలి ఊళ్లో జింకు నెమ్మదిగా తరుగుతుంది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలె. వెల్డింగు చేసిన చోట ఆ వేడికి జింకు కాలిపోతుంది, తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. గేటు చేయించినప్పుడు అతుకులన్నిటికీ జింకు పెయింటు వేయించాం.

మాకు ఇంటి దిక్కు వదిలి మూడు దిక్కుల కంచె కావాలె. 24, 32, 24, కలిపి 80 అడుగులు. ఎనిమిది అడుగులకొక కడీ అనుకుంటే 11 కడీలు. నాలుగడుగుల గేటుకు ఇంకొకటి, మొత్తం 12. ఇవి కాక ఆనుడు రాళ్లు. ఈ ఆనుళ్ల దగ్గర మా ఆయన అందరికన్నా ముందే అసలు సంగతి పట్టాడు. "పడుగు ఎంత బిగువుగా లాగితే బీము మీద అంత జోరు పడతది. నడుమ కడీలు ఊకె నిలబెట్టేందుకే. గుంజుడంత చివర్ల మీదనే" అన్నాడు. నిజం. జాలీని బిగువుగా లాగకపోతే ఆరు నెలలకు పొట్ట వేలాడుతుంది. బిగువుగా లాగితే మూల కడీలు లోపలికి వంగుతాయి. అందుకని వెనక రెండు మూలలకు రెండు దిక్కులా ఏటవాలుగా ఆనుడు రాళ్లు, చివరి రెండు కడీలకు ఒక్కొక్కటి, మొత్తం ఆరు పెట్టాం. జాలీ వెంట పైన, నడుమ, కింద లావు జీఐ తీగలు మూడు వరసలు లాగి, జాలీని వాటికి కట్టాం. ఈ మూడు తీగలు వద్దనుకుని ఖర్చు తగ్గించుకున్నవాళ్ల జాలీలు గల్లీలో ఎట్లా వేలాడుతున్నాయో చూసినాకే వీటికి ఒప్పుకున్నాం.

గుంతల దగ్గర తొందరపడలేదు. మా నేలలో రెండడుగుల కింద మొరం తగిలింది. ఏడడుగుల కడీ తీసుకుని రెండున్నర అడుగులు లోపల పెట్టాం, కడీ పాదం మొరం మీద నిలబడేట్టు. తీసిన నల్లమట్టిని మళ్లీ గుంతలో పోయలేదు. ఉబ్బేది, ముడుచుకునేది ఆ మట్టే కాబట్టి దాన్ని కడీ చుట్టూ ఉంచితే కడీ ఊగుతుంది. మొరం, రాళ్ల ముక్కలు పొరలు పొరలుగా వేసి గడ్డపార మొద్దు దిక్కుతో దంచాం. మూల కడీలకు, గేటు కడీలకు కాంక్రీటు పోశాం. కాంక్రీటు పైభాగాన్ని చుట్టూ వాలుగా దిద్దించాం, నీళ్లు కడీ దగ్గర నిలవకుండా. చెట్లకు నీళ్లు పోసే పాదులు కూడా కడీలకు రెండడుగుల దూరం జరిపాం.

డబ్బుల సంగతి చెప్తాను, మనలాంటి ఇళ్లల్లో చిక్కంతా అక్కడే. అంతా ఒకేసారి చేయడానికి మా దగ్గర లేదు. మొదటి ఏడు భిశీ ఎత్తి కడీలు, ఆనుళ్లు, కాంక్రీటు చేయించాం. భిశీ అంటే తెలియని ఊళ్లవాళ్లకు చెప్తున్నా, మన చీటీ లాంటిదే. దీపావళి బోనసు దాకా కడీల మధ్య పాత చీరలు కట్టి నెట్టుకొచ్చాం. బోనసు వచ్చినాక జాలీ కొన్నాం. చూసినవాళ్లు, "ముందు సన్న కడీలు పెట్టి మొత్తం పూర్తి చేసుకుంటే అయిపోయేది కదా" అన్నారు. జాలీ పాడైతే పదిహేనేళ్లకైనా విప్పి ఇంకొకటి కట్టుకోవచ్చు. కడీ పాడైతే తవ్వాలె, జాలీ విప్పాలె, అంతా మొదటి నుంచి. చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు దాన్ని మళ్లీ చేయి పెట్టలేని చోట పెట్టాలని నా లెక్క. అంటే భూమి లోపల, మూలల్లో. పైన కనిపించేది తరువాతైనా చేసుకోవచ్చు.

మేకల వైనీ సంగతి చెప్పకపోతే కథ సగమే. మా వెనక ఇంటి ఆమెకు నాలుగు మేకలు. ఆమె బతుకే అవి. మా అత్తమ్మకు, ఆమెకు మేకల వల్ల మాటా మాటా పెరగని వారం లేదు. కడీలు దించేముందు నేను, మా ఆయన పోయి ఆమెతో కూర్చున్నాం. హద్దు ఎక్కడో ఇద్దరం కలిసి దారం లాగి చూసుకున్నాం. ముళ్లతీగ పెట్టమని చెప్పాం. ఆమె ఒకటే అడిగింది, మేక పిల్లల తల కంట్లో ఇరుక్కోకుండా చూడమని. అందుకే మూడంగుళాల కన్ను వదిలి రెండంగుళాలది తీసుకున్నాం. ఖర్చు కొంత పెరిగింది. కానీ గుంతలు తవ్విన రెండు రోజులూ ఆమె కొడుకు పైసా తీసుకోకుండా మాతో పని చేశాడు. ఏ కంచెకైనా అవతల ఇంకొక ఇల్లుంటుంది. వాళ్లను అడగకుండా వేస్తే ఏ సామానుతో వేసినా తగాదా ఆగదు.

మేకల దిక్కు జాలీకి లోపల ఒక అడుగు దూరంలో కలివి, గోరింట మొక్కలు నాటాం. కలివి ముళ్ల చెట్టే, అయినా అది కదలకుండా ఒకచోట ఉంటుంది, కంప లెక్క ఏటా చేత్తో ఎత్తి వేసే పని లేదు. నీళ్లు తక్కువ చాలు, కాయలు పచ్చడికి వస్తాయి. కలివి కత్తిరించే పని మా ఆయనది, అత్తమ్మది కాదు అని ముందే తేల్చుకున్నాం. కింద అంచున కుక్కలు తవ్వకుండా విరిగిన షాబాద్ బండ ముక్కలు నిలువుగా పాతాం. షాబాద్ మా సోలాపూర్‌కు దూరం కాదు, ఫర్షీ దుకాణాల వెనక ముక్కలు తక్కువ ధరకు దొరుకుతాయి. బండలు దగ్గరగా, చవకగా దొరికే ఊళ్లవాళ్లు మొత్తం కంచెనే నిలువు బండలతో కట్టుకోవచ్చు. అదీ చాలా ఏళ్లుంటుంది, పూత అక్కరలేదు.

అయితే మా లెక్క అన్ని ఊళ్లకూ సరిపోదు. ఈ పత్రిక యానాందాకా పోతుంది. అక్కడ సముద్రపు గాలి ఉంటుంది, ఉప్పుకు జింకు తొందరగా తరుగుతుంది, సిమెంటు కడీలో సలాకకు కూడా తుప్పు తొందరగా పడుతుంది. అక్కడివాళ్లు ఇనుము ఎంత తక్కువ వాడితే అంత మంచిది. రాతి కడీలు, లేదా మందపాటి సిమెంటు పట్టిన మంచి కడీలు, వాటి మధ్య గోరింట, వావిలి లాంటి చెట్ల దడి మేలు. వావిలిని పశువులు ముట్టవు. జాలీ తప్పదంటే ప్లాస్టిక్ తొడుగున్న జీఐ జాలీ తీసుకోండి, తొడుగు చీరుకుపోకుండా చూసుకోండి. వానలు బాగా పడే ఊళ్లవాళ్లు కర్రకు ఇంకా దూరంగా ఉండాలె. మీ ఊళ్లో ఏది నిలుస్తుందో తెలియాలంటే ఒక సుట్టీ పొద్దున నడిచి, మీ గల్లీలో అన్నిటికన్నా పాత కంచె ఏదో చూసి, దాని మొదట్లో మట్టి తీసి చూడండి. ఏ దుకాణదారుకన్నా అది నిజం చెప్తుంది.

ఇప్పుడు మా కంచెకు చాకిరీ ఎంత? మే నెలలో ఒక పొద్దున, నేను పకడ్ పట్టుకుని, మా ఆయన జింకు పెయింటు డబ్బా పట్టుకుని, చుట్టూ ఒకసారి తిరుగుతాం. వదులైన కట్టుతీగ మెలేస్తాం, గేటు అతుకులు చూస్తాం, కడీ చుట్టూ నెర్రె ఇస్తే మొరం పోసి దంచుతాం. అర్ధగంట పని. చాయ్ చల్లారే లోపల అయిపోతుంది.

అత్తమ్మ కాలు మానింది. వేళ్లు పదీ ఉన్నయి. రోజూ రాత్రి అరికాళ్లు చూడటం మా బిడ్డ పని, టార్చి పట్టుకుని చూస్తుంది. కంప పని లేని మొదటి మే నెలలో అత్తమ్మ నాలుగు రోజులు ఊరికే కూర్చుని, అయిదో రోజు, "ఇగ నేనేం జెయ్యాలె?" అని నా మీద కోపం చేసింది. తరువాత తానే పోయి జాలీ పొడవునా కాకర, చిక్కుడు గింజలు పెట్టింది. తీగ చెట్లలో ఏడాదికి ఎండిపోయేవే జాలీకి మంచివి. మొద్దు బారి బరువయ్యే తీగలు జాలీని వంచేస్తాయని మా ఆయన చెప్తే, "నాకు చెప్తవారా" అంటూనే బోగన్‌విల్లా మొక్కను గేటు పక్కకు మార్చింది. ఈ ఏడు చిక్కుడు రెండు దిక్కులా కాసింది. మా దిక్కువి మేం కోసుకున్నాం, అవతలివి మేకల వైనీ కోసుకుంది.